రెండున్నరేళ్ల బాబును టైమ్ అవుట్‌లో కూర్చోబెడితే నానమ్మ వచ్చి ఎత్తుకుపోతోంది, ఏం చేయాలి?

మిర్యాలగూడ_అమ్మ:

మా బాబుకు రెండున్నరేళ్లు, పాపకు నాలుగు నెలలు. పాప పుట్టినప్పటి నుంచి వీడి లొల్లి మామూలుగా లేదు. చేతికి ఏది దొరికితే అది విసురుతాడు, పాపకు పాలిస్తుంటే వచ్చి నా కొంగు గుంజుతాడు. మొన్నైతే పాప చెయ్యి పట్టుకుని కొరికాడు, పంటి గాట్లు సాయంత్రం దాకా పోలేదు.

ఫోన్‌లో వీడియోలు చూసి టైమ్ అవుట్, అంటే తప్పు చేస్తే కాసేపు ఎవరూ మాట్లాడకుండా ఒక చోట కూర్చోబెట్టడం, మొదలుపెట్టాను. వంటింటి గుమ్మం పక్కన పీట వేసి కూర్చోమంటే కూర్చుంటాడు, కాసేపు గోడకున్న సున్నం గోళ్లతో గీకుతాడు, ఆ తర్వాత "నానమ్మా" అని ఒక్క కేక. అంతే, మా అత్తమ్మ ఎక్కడున్నా ఉరికొస్తుంది, "పిల్లగాణ్ని గట్ల మూలకేస్తరా, పగోని బిడ్డనా" అని ఎత్తుకుని చేతిలో బిస్కెట్ పుడ పెడుతుంది. వాడు ఆమె భుజం మీద నుంచి నన్ను చూసి నవ్వుతాడు. ఒళ్లు మండిపోతుంది.

మా ఆయన మిల్లు నుంచి రాత్రెప్పుడో వస్తాడు, "రెండు పీకు, దారికొస్తడు" అంటాడు. ఆడబిడ్డేమో బాత్రూంలో వేసి గడియ పెట్టమంటోంది, ఒక్కసారికే భయం పట్టుకుంటదట. దానికి నాకు మనసొప్పట్లేదు. అసలు ఈ టైమ్ అవుట్ అనేది ఉమ్మడి కుటుంబంలో అయ్యే పనేనా, లేక సిటీలో ఫ్లాట్లలో ఉండేవాళ్లకేనా?

దేవరకొండ_టీచరు:

ముందు బాత్రూం సంగతి. వద్దు చెల్లె, ఒక్కసారి కూడా వద్దు. తడి నేల, బకెట్‌లో నీళ్లు, లోపలి నుంచి గడియ పడితే తలుపు పగలగొట్టుకోవాలి. అది కాక చీకట్లో వేస్తే వాడికి గుర్తుండేది చీకటే, పాపను ఎందుకు కొరకకూడదో కాదు. స్నానానికి కూడా రానని మొండికేస్తే అప్పుడు ఇంకో తలనొప్పి.

టైమ్ అవుట్ పనిచేసేది భయంతో కాదు. పిల్లాడు విసిరేది, కొరికేది నువ్వు తిరిగి చూడాలని. ఆ చూపు కాసేపు దొరకదు, అంతే శిక్ష. నువ్వు పీట మీద కూర్చోబెట్టి పక్కనే నిలబడి "ఎందుకు చేసినవ్, మళ్లీ చేస్తవా, చెప్పు" అని అంటున్నావనుకో, వాడు అడిగిందే ఇచ్చినట్టు. తిట్టినా సరే వాడికి అది అమ్మ దొరకడమే.

లెక్క సులువే. వయసు ఎన్నేళ్లో అన్ని నిమిషాలు, మీవాడికి రెండు చాలు. విసరడం లాంటి వాటికి ముందు ఒక్కసారి చెప్పాలి, "మళ్లీ విసిరితే పీట మీద కూర్చుంటవ్" అని, ఆగకపోతే కూర్చోబెట్టాలి. కొరకడం, కొట్టడం అయితే హెచ్చరిక లేదు, వెంటనే పాప దగ్గర్నుంచి తీసేయడమే. చెప్పే మాట కూడా నాలుగు పదాలకు మించొద్దు. "కొరికితే పాపకు నొప్పి", అంతే. వాడు నీ కంటికి కనపడే చోట ఉండాలి కానీ నువ్వు మాట్లాడొద్దు. టైమ్ అయిపోయాక క్షమాపణ చెప్పించడం, మళ్లీ క్లాసు పీకడం పెట్టకు, రా అని పిలిచి ఏదో ఒక పనిలో దింపు. ఇంకోటి, ప్రతి దానికీ పీట వేస్తే దానికి విలువుండదు. అన్నం పారబోసినా పీటే, చెప్పు విసిరినా పీటే అంటే వాడికి అదొక ఆట అయిపోతుంది. కొట్టడం, కొరకడం, విసరడం, ఈ మూడింటికే ఉంచు.

జడ్చర్ల_నాన్న:

ఇదంతా ఎక్కువ ఆలోచించడం అనిపిస్తుంది నాకు. మనం దెబ్బలు తినలేదా? గోడకుర్చీ వేయలేదా? మా బాపు చింత బరికె చూరులో చెక్కి ఉంచేటోడు, దాన్ని చూస్తేనే అందరం లైన్‌లో ఉండేటోళ్లం. ఇప్పుడు ఏం చెడిపోయాం.

దేవరకొండ_టీచరు:

అన్నా, బరికె చూస్తేనే లైన్‌లో ఉండేవాళ్లు సరే, మీ బాపు పొలం పోయాక? అప్పటి సంగతి మీ తమ్ముళ్లను అడిగి రాయండి. బడిలో కొట్టొద్దని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది, మేము కొట్టకుండానే నడుపుతున్నాం. ఇక్కడైతే ఇంకో చిక్కు కూడా ఉంది. చెల్లిని కొట్టినందుకు వాణ్ని కొడితే, కోపమొస్తే కొట్టొచ్చు అనే కదా నేర్పేది.

పాలమూరు_సిస్టర్:

పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి రెండు ముక్కలు. కొట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018లో స్పష్టంగా చెప్పింది, అరవడం, పరువు తీసేలా మాట్లాడడం కూడా వద్దంది. టైమ్ అవుట్ వల్ల మెదడు దెబ్బతింటదని వీడియోలు తిరుగుతుంటాయి, వాటికి టెన్షన్ పడొద్దు. 2014లో డేనియల్ సీగెల్ అనే సైకియాట్రిస్ట్, టీనా బ్రైసన్ అనే ఆమె కలిసి టైమ్ పత్రికలో అలాంటి హెడ్డింగ్‌తో ఒక వ్యాసం రాశారు, పెద్ద గొడవయ్యాక తాము తప్పుపట్టింది కోపంగా, ఎక్కువసేపు ఒంటరిగా వదిలేసే పద్ధతిని అని వివరణ ఇచ్చుకున్నారు. జనానికి హెడ్డింగే గుర్తుంది.

మొదలుపెట్టిన కొత్తలో అల్లరి తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకుముందు ఏడిస్తే పనయ్యేది, ఇప్పుడు కావట్లేదు, కాబట్టి ఇంకా గట్టిగా ఏడ్చి చూస్తాడు. చాలామంది సరిగ్గా అక్కడే వదిలేస్తారు, అప్పుడు పిల్లాడికి అర్థమయ్యేది గట్టిగా ఏడిస్తే పనవుతుందని.

ఒకటి అడగాలి. బాబు మాటలు ఎలా ఉన్నాయి? రెండేళ్లు దాటాక "అమ్మ రా", "పాలు కావాలె" లాగా రెండేసి మాటలు కలపాలి. మాట రాని పిల్లలు చేతులతో, పళ్లతో చెప్తారు. అలా ఉంటే ముందు చెవి పరీక్ష చేయించండి, వినికిడి తక్కువున్న పిల్లల్ని మొండివాళ్లనుకుని ఇంట్లో తన్నడం మేం చూస్తూనే ఉంటాం. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది, వాళ్లకు చూపించినా జిల్లా స్థాయి కేంద్రానికి రాసి పంపుతారు, ఖర్చుండదు. నిద్ర, ఆకలి కూడా చూసుకోండి. మధ్యాహ్నం పడుకోని పిల్లాడు సాయంత్రం ఆరింటికి చేసే గోలకు ఏ టైమ్ అవుట్ పనిచేయదు.

వనపర్తి_నాయనమ్మ:

బిడ్డా, అందరూ పిల్లగాని గురించే చెప్తున్నరు, మీ అత్త గురించి ఎవరూ చెప్తలేరు. నేను కూడా అత్తనే కాబట్టి చెప్తున్న. మనుమడు ఏడుస్తుంటే ఇంకో అర్రలో కూసోవడం మా వశం కాదు. వీడియో చూపించి ఇట్లనే చేయాలె అంటే అస్సలు వినం, నిన్నమొన్న వచ్చిన కోడలు నాకు పిల్లల్ని పెంచుడు నేర్పుతదా అనిపిస్తది. వాడు ఏడ్వని టైమ్‌లో, ఇద్దరూ కూరగాయలు తరుక్కుంటప్పుడు చెప్పు. "అత్తమ్మా, రెండు నిమిషాలే, నేను ఎదురుంగనే ఉంట, కొట్ట, తిట్ట. అయిపోయినంక వాణ్ని నువ్వే పిలువు" అను. చివరి మాట గట్టిగ పట్టుకో. ఎత్తుకునేది ఆమెనే, కాకపోతే రెండు నిమిషాలు ఆగి. బిస్కెట్ పుడ మాత్రం ఆ టైమ్‌ల వద్దు, సాయంత్రం చాయ్ తాగేటప్పుడు ఇస్తది.

ఇంకొక మాట. నెలల పాపను నువ్వే చంకలేసుకుని తిరుగుతున్నవ్, పెద్దోణ్ని అత్తకు అప్పజెప్పినవ్. దాన్ని తిరగెయ్యి. పాలు తాగినంక పాపను ఆమెకిచ్చి పెద్దోనికి నువ్వు బువ్వ తినిపించు, నీళ్లు పోయి. వానికి కావాల్సింది అదే.

మిర్యాలగూడ_అమ్మ:

అందరికీ థ్యాంక్స్. మాటలు బాగానే వచ్చాయి సిస్టర్, "చెల్లి వద్దు, పంపించెయ్" అని పూర్తిగా చెప్తాడు, అదే బాధ. నాయనమ్మగారూ, మీరన్నట్టే నిన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తమ్మతో మాట్లాడాను. "రెండు నిమిషాలు అంటే ఎంతసేపు" అని అడిగింది, ఫోన్‌లో టైమర్ పెట్టి చూపిస్తే ఇంతేనా అంది. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా, మా ఆయనతో మాత్రం ఇంకా తేలలేదు. ఒక్క డౌట్, వచ్చే వారం మా తమ్ముడి పెళ్లి, అక్కడ ఇట్లాగే చేస్తే ఎలా?

దేవరకొండ_టీచరు:

పెళ్లిలో పీట పెట్టకు. అంతమంది చుట్టాల ముందు కూర్చోబెడితే పది మంది వచ్చి ఏమైందని అడుగుతారు, పది మంది ఎత్తుకుంటారు. చెయ్యి పట్టుకుని ఫంక్షన్ హాల్ బయటికి తీసుకెళ్లి మాట్లాడకుండా కాసేపు నిలబడు, ఏడుపు ఆగాక లోపలికి రండి. పాపను ఆ కాసేపు ఎవరు పట్టుకోవాలో బయలుదేరే ముందే అనుకోండి, మీ ఆయనకే అప్పజెప్తే ఇంకా మంచిది. డీజే మోత మొదలయ్యే టైమ్‌కు వాడు తిని, నిద్రపోయి లేచి ఉండేలా చూసుకో.