సిగ్నల్ దగ్గర ఆగితే మారుతి జెన్ కారు ఆఫ్ అయిపోతోంది, గాలి ఎక్కడ లాగుతోందో దొరకడం లేదు

పాత జెన్, ఖమ్మం:
పొద్దున్నుంచి ఇదే పని. ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరగడం) నిలవడం లేదు, బండి వణికి ఆగిపోతోంది. యాక్సిలరేటర్ తొక్కితే బాగానే పోతుంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేశాను. మెకానిక్ ఇంజిన్ విప్పాలంటున్నాడు. నాన్నగారి బండి, అమ్మేది లేదు. ఎక్కడ చూడాలి?

షెడ్డు, విజయవాడ:
కార్బరేటరా (గాలిలో పెట్రోల్ కలిపే పాత పద్ధతి), ఎంపీఎఫ్ఐయా (కంప్యూటర్ సాయంతో పెట్రోల్ చిమ్మే పద్ధతి)? ఏ సంవత్సరం?

రిటైర్డ్ ఇంజనీర్, సికింద్రాబాద్:
ముందు పెట్రోల్ సంగతి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 90ల నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. నా బండికి పెట్రోల్ పైపులు, కార్బరేటర్ ప్యాకింగులు అన్నీ మార్పించాను. పాత బండి ఉన్న ప్రతివారూ ఈ పని చేయించాలి.

షెడ్డు, విజయవాడ:
ఆయన అడిగింది గాలి పైపుల గురించి సార్. వాటిలో పెట్రోల్ పారదు. ఇంజిన్ వేడికి, వయసుకు గట్టిపడి చీలతాయి.

లెక్చరర్, గుంటూరు:
అసలు అందరూ అనే 'వాక్యూమ్ లీక్' మాటే సరికాదు. శూన్యం ఎలా కారుతుంది? బయటి గాలి లోపలికి దూరుతుంది. లీక్ అనగానే కొత్తవాళ్లు బండి కింద నూనె మరక కోసం వెతుకుతారు.

షెడ్డు, విజయవాడ:
మేం 'ఎయిర్ లాగుతోంది' అంటాం. అడిగినవారు ఏరి?

పాత జెన్, ఖమ్మం:
క్షమించాలి, 1997 మోడల్, కార్బరేటర్. మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి, పెట్రోల్ వెళ్లే గొట్టం) చుట్టూ సిరంజితో పెట్రోల్ చల్లి చూశాను, తేడా లేదు. బ్రేక్ నొక్కినప్పుడే ఎక్కువగా ఆగుతోంది. పెడల్ కూడా ఈ మధ్య గట్టిగా ఉంది, అది వేరే సమస్య అనుకున్నాను.

షెడ్డు, విజయవాడ:
పెట్రోల్ ఇంకెప్పుడూ చల్లకండి. వేడి సైలెన్సర్ మీద పడితే, ప్లగ్ వైరు నిప్పురవ్వ తగిలితే బండి అంటుకుంటుంది. సబ్బు నీళ్లు చాలు. చీలిక మీద పడగానే కాసేపు శబ్దం మారుతుంది.
పెడల్ మాట ముందే చెప్పాల్సింది. ఇంజిన్ ఆపి బ్రేక్ నాలుగైదు సార్లు నొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ (ఇంజిన్ గాలి లాగే బలంతో బ్రేక్‌కు సాయం చేసే డబ్బా) పైపు, దాని వాల్వు చూడండి. తర్వాత ఐడిలింగ్‌లో ఆ పైపును మెత్తని ప్లయర్‌తో నొక్కి పట్టండి. వణుకు తగ్గితే లోపం అటువైపే. ఈ పరీక్ష బండి నిలబెట్టే చేయాలి, బ్రేక్ సాయం ఉండదు.
తొక్కితే బాగుండటానికి కారణం, ఐడిలింగ్‌లో లోపలికి వెళ్లే గాలే తక్కువ. కొంచెం అదనంగా దూరినా పెట్రోల్, గాలి మిశ్రమం పలచబడుతుంది.

రిటైర్డ్ ఇంజనీర్, సికింద్రాబాద్:
వాక్యూమ్ గేజ్ (ఇంజిన్ గాలి లాగే బలాన్ని కొలిచే మీటరు) పెడితే ఊహతో పని ఉండదు. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజిన్‌కు ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు నిలకడగా చూపిస్తుంది. మా సికింద్రాబాద్ ఎత్తుకు దాదాపు 2 తగ్గుతుంది, భయపడనక్కర్లేదు.

లెక్చరర్, గుంటూరు:
అంగుళాలు అంటే పాదరసపు అంగుళాలని రాయండి.

పాత జెన్, ఖమ్మం:
దొరికింది. బూస్టర్ పైపు మ్యానిఫోల్డ్ దగ్గర క్లిప్పు కిందే చీలింది, పైనుంచి కనబడలేదు. చివర కోసి బిగించాను, రేపు కొత్తది వేస్తాను. థాంక్స్ అండీ. ఏసీ వేస్తే ఇంకా కొంచెం వణుకుతోంది.