ఆరుబయట పద్యనాటకానికి మిక్సర్‌లో ఉన్న ఎకో చాలదా?

కొత్త ఆపరేటర్, తెనాలి:
వచ్చే నెలలో మా ఊరి గుడి ముందు ఆరుబయట పద్యనాటకం వేస్తున్నారు. నా దగ్గర యమహా ఎం.జి.16ఎక్స్‌యు మిక్సర్ ఉంది, ఎకో లాంటి ఎస్.పి.ఎక్స్. ఎఫెక్ట్స్ 24 రకాలు అందులోనే ఉన్నాయి. అయినా కమిటీవారు ఎకోకు వేరే యూనిట్ అద్దెకు తెమ్మంటున్నారు. ఆ ఖర్చు అవసరమా? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగోరుతున్నాను.

మైక్‌సెట్, రాజమండ్రి:
అవసరమే బాబూ. ఆ మిక్సర్‌లో ఎఫెక్ట్ ఇంజను, అంటే ఎకో తయారుచేసే భాగం, ఒక్కటే ఉంటుంది. రాగం తీసే గొంతుకు ఏ ఎకో పెడతావో, హార్మోనియానికీ తబలాకూ అదే వెళుతుంది. పద్యానికి సాగే ఎకో కావాలి, తబలాకు అసలు వద్దు, హార్మోనియానికి పొట్టిది చాలు. ముప్పై ఏళ్లుగా పందిళ్ల కింద కూర్చొని చెబుతున్న మాట ఇది.

డిజిటల్, హైదరాబాద్:
పెద్దాయన గారూ, ఇంజను ఒక్కటే అయినంత మాత్రాన అందరికీ ఒకే ఎకో వెళ్లదు. ఒక్కో మైకు వచ్చే ప్రతి ఛానల్‌కూ ఎఫెక్ట్‌కు పంపే నాబ్ విడిగా ఉంటుంది. తబలా ఛానల్‌లో దాన్ని సున్నాలో ఉంచితే తబలాకు ఎకో రాదు. ఇక నాణ్యత సంగతంటారా, 1980లలో ఎన్నో స్టూడియోలు కొనుక్కున్న యమహా ఎస్.పి.ఎక్స్.90 ఎఫెక్ట్ పెట్టె పేరే నేడు ఈ చిన్న మిక్సర్‌లోని ఎఫెక్ట్‌లకూ ఉంది. 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్‌లోనైతే ఒకేసారి ఎనిమిది ఎఫెక్ట్‌లు నడుస్తాయి. బయటి పెట్టె కాలం గడిచిపోయింది.

పందిరి మేస్త్రి, గుంటూరు:
వేదికకు ఎదురుగా బడి గోడ ఉన్నదేమో ముందు చూసుకోండి. ముప్పై అయిదు మీటర్ల దూరంలో గోడ ఉంటే సెకనులో అయిదో వంతుకు శబ్దం తిరిగి వస్తుంది. దానిమీద మిక్సర్ ఎకో కూడా వేస్తే మాట అర్థం కాదు.

మైక్‌సెట్, రాజమండ్రి:
ఎంత పంపాలన్నది నాబ్‌తో మారుతుంది, ఎలాంటి ఎకో అన్నది మారదు. నేను చెప్పింది రకం గురించి, మీరు జవాబిచ్చింది మోతాదు గురించి. ఆ అబ్బాయికి ఎక్స్32 లేదు, అందువల్ల దాని లెక్క ఇక్కడ పనికిరాదు. అతని మిక్సర్‌లో ఎకో రకాన్ని ఎంచుకునే ప్రోగ్రామ్ నాబ్ ఒకటి, దాన్ని సవరించడానికి పారామీటర్ నాబ్ ఒకటి, అంతే. అక్షరం స్పష్టంగా పలికిన తరువాత, ముప్పై మిల్లీసెకన్లు ఆగి ఎకో మొదలయ్యేలా దానిలో విడిగా పెట్టుకోలేము. నా యూనిట్‌లో పెట్టుకోగలను. అక్షరం ఎకోలో మునిగిపోతే పద్యం మిగలదు.

డిజిటల్, హైదరాబాద్:
ఆ ముప్పై మిల్లీసెకన్ల మాటకు ఒప్పుకుంటాను. కానీ వేలమంది గుంపులో, జనరేటర్ మోత మధ్య అది వినబడుతుందా?

మైక్‌సెట్, రాజమండ్రి:
వినబడుతుంది. పోయిన దసరాకు ఒక ఊరివారు నన్ను కాదని, సగం అద్దెకు వస్తానన్న కుర్రాణ్ణి పిలిచారు. పద్యం అయిపోయి వచనం మొదలైనా అతను ఎకో తీయలేదు. రాజు మంత్రిని పిలిస్తే ఆ పిలుపు రెండుసార్లు వినిపించింది, మంత్రి జవాబు దానిమీద పడింది. వెనక వరుసలోని ముసలివారు చాపలు చుట్టుకొని లేచారు. నేను అక్కడే నిలబడి చూశాను.

డిజిటల్, హైదరాబాద్:
అది చేతిలోని లోపం, యంత్రంలోని లోపం కాదు. ఎఫెక్ట్ ఆన్ బటన్ నొక్కితే చాలు, వచనానికి ఎకో ఆగుతుంది. మీ యూనిట్ అక్కడ ఉన్నా ఆ కుర్రవాడు దాన్నీ ఆపడు. నిజం చెప్పండి, మీ బాధ ఎకో గురించా, పోయిన అద్దె గురించా?

మైక్‌సెట్, రాజమండ్రి:
అద్దె గురించే, అయితే ఏమిటి? ఒక పంట కౌలు డబ్బు మొత్తం పోసి ఆ యూనిట్లు కొన్నాను. మిక్సర్‌లో అన్నీ వస్తాయని మీబోటివారు చెప్పడం మొదలైన నాటినుంచి మమ్మల్ని పిలిచేవారు తగ్గిపోయారు. పని నేర్చుకున్నవాడికీ బటన్ నొక్కినవాడికీ ఒకే కూలి అంటే మాట్లాడకుండా ఎలా ఊరుకుంటాను?

హార్మోనిస్టు, తెనాలి:
ఇద్దరూ పెట్టెల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి వేదికమీద కూర్చునేవాడిగా చెబుతున్నాను. హిందోళ రాగంలో నిషాదంనుంచి ధైవతానికి దిగేటప్పుడు మూడు సెకన్ల ఎకో ఉంటే, దిగిన తరువాత కూడా నిషాదం మోగుతూనే ఉంటుంది. రెండు స్వరాలూ కలిసి గమకం మసకబారుతుంది. ఆ ఎకోను మాకు వినబడడానికి మా ముందు పెట్టే మానిటర్ స్పీకర్‌లోకి కూడా పంపితే నటుడు తన పాత స్వరాన్ని వింటూ కొత్తది పాడతాడు; శ్రుతి తప్పిందని మళ్లీ తిట్లు నాకే. ఈ ఇబ్బంది మిక్సర్‌లోని ఎఫెక్ట్‌తోనూ వచ్చింది, బయటి యూనిట్‌తోనూ వచ్చింది. ఇన్నేళ్లలో ఏ ఆపరేటరూ పద్యానికి ముందు వచ్చి, మీకు ఎంత కావాలి అని మమ్మల్ని అడగలేదు.

మైక్‌సెట్, రాజమండ్రి:
అడగవలసింది మిమ్మల్ని కాదండీ, వినే జనాన్ని. వన్స్‌మోర్ అనేది వారే. చివరి వరుసలో పద్యం ఎలా వినిపిస్తోందో వేదికమీది మనిషికి తెలియదు.

హార్మోనిస్టు, తెనాలి:
జనం వన్స్‌మోర్ అనేది రాగానికి, ఎకోకు కాదు. ఆ రాగం ఏ స్వరం దగ్గర ఆగుతుందో తెలిసినది పాడే మనిషికి. ఎకో ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఆగాలో మేము చెప్పాలి, మీరు వేయాలి.

డిజిటల్, హైదరాబాద్:
దీనిలో మాత్రం నేను పెద్దాయన పక్షమే. మానిటర్‌లో ఎకో వద్దంటే తీసేస్తాను, అది మీ హక్కు. జనం వైపున్న స్పీకర్ బాక్సుల్లో ఎంత ఉండాలన్నది జనం మధ్యన నిలబడి విన్నవాడే నిర్ణయించాలి.

కొత్త ఆపరేటర్, తెనాలి:
ఆదివారం సాయంత్రం గుడి ముందే రిహార్సల్ ఉంది. మిక్సర్, రెండు బాక్సులు తెస్తాను. హార్మోనిస్టు గారు వస్తే పద్యాల జాబితా పక్కన ఎక్కడ ఎకో తగ్గించాలో రాసుకుంటాను.

మైక్‌సెట్, రాజమండ్రి:
రిహార్సల్‌కు కమిటీవారు డబ్బివ్వరు, నాకు తెలుసు. నేను కూడా నా యూనిట్‌తో వస్తాను, అద్దె వద్దు. ఒకే పద్యానికి రెండూ వేసి, చివరి వరుస దగ్గర నిలబడి విందాము. అక్షరం మునిగిపోయేది దేనిలోనో అక్కడ చూపిస్తాను.