ఇంటర్న్‌షిప్ బాగా చేసినవాళ్లకి మళ్లీ కోడింగ్ రౌండ్ పెట్టాలా?

కొత్తకమిట్:
అందరికీ నమస్తే. నాకు జరిగింది చెప్పి మీ అభిప్రాయం అడుగుదామని రాస్తున్నాను. ఒక కంపెనీలో 12 వారాలు ఇంటర్న్‌గా చేశాను. అక్కడ కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే ఒక ఆటోమేటిక్ టెస్ట్ ఎప్పుడో వారానికోసారి ఫెయిలయ్యేది, మళ్లీ రన్ చేస్తే పాసయ్యేది. అందరూ మళ్లీ రన్ కొట్టేసి తమ పని చూసుకునేవాళ్లు. నేను నాలుగు రోజులు దాని వెంట పడ్డాను. ఫెయిలైన లాగ్‌లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నీ సరిగ్గా అర్ధరాత్రి దాటుతున్న సమయానివే. ఆ టెస్ట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఈరోజు తేదీ అడుగుతోంది. ఈలోపు తేదీ మారిపోతోంది. తేదీని ఒక్కసారే తీసుకుని రెండు చోట్లా అదే వాడితే సరిపోయింది. రెండు లైన్ల మార్పు. మా మెంటర్ స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్‌లో, అందరి ముందూ మెచ్చుకున్నారు.

చివరి వారంలో ఫుల్‌టైమ్ ఆఫర్ కోసం 45 నిమిషాల కోడింగ్ రౌండ్ పెట్టారు. నీళ్ల గడులు, నేల గడులు ఉన్న గ్రిడ్‌లో దీవులు ఎన్నో లెక్కపెట్టే ప్రశ్న. నాకు తెలిసిందే. కానీ ఎడిటర్‌లో రన్ బటన్ లేదు. ఇంటర్వ్యూ చేసే ఆయన మైక్ మ్యూట్‌లో పెట్టుకుని చూస్తున్నారు. రికర్షన్ (తనని తానే మళ్లీ పిలుచుకునే ఫంక్షన్) రాశాను గానీ, ఒకసారి చూసిన గడికి గుర్తు పెట్టే లైన్ మర్చిపోయాను. రన్ చేసి ఉంటే ఆగకుండా తిరిగి స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ఎర్రర్ వచ్చి అర నిమిషంలో తెలిసిపోయేది. "ఇది ఎక్కడ ఆగుతుంది?" అని ఆయన అడిగేసరికి చేతులు చల్లబడిపోయాయి. ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. రిజెక్ట్ అని మెయిల్ వచ్చింది.

మూడు నెలలు నా పని చూసినవాళ్లకి ఈ 45 నిమిషాలు ఎందుకు కావాల్సి వచ్చాయి?

స్కోర్‌షీట్:
మీ బాధ అర్థమైంది. ఆ టెస్ట్ కథ చదువుతుంటే మీతో పనిచేయాలనిపించింది కూడా. కానీ నేను ఇంటర్వ్యూలు తీసుకునే వైపు ఉన్నాను కాబట్టి అటువైపు సంగతి చెప్పాలి. ఒక బ్యాచ్‌లో పదిమంది ఇంటర్న్‌లు ఉంటే పది రకాల ప్రాజెక్టులు. ఒకరికి అసలైన పని దొరుకుతుంది, ఇంకొకరికి ఎవరూ వాడని డ్యాష్‌బోర్డ్ దొరుకుతుంది. ఒక మెంటర్ రోజూ గంట కూర్చుంటారు, ఇంకొకరు రెండు వారాలు సెలవులో ఉంటారు. కొందరు మెంటర్లు అందరికీ "అద్భుతం" అనే రాస్తారు, కొందరి కలం నుంచి "బాగుంది" అన్న మాట రావడమే గగనం. ఇవన్నీ పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగో ఎలా తేల్చాలి? అందరికీ ఒకే కొలత ఉండాలనే ఆ రౌండ్.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో ముందే ఏది బాగా చెప్పగలదు అనే దాని మీద దశాబ్దాల పరిశోధనల్ని పాల్ సాకెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2022లో తిరగదోడారు. అన్నిటికన్నా పైన నిలిచింది పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ, 0.42. పని నమూనా చూసి అంచనా వేయడం 0.33 దగ్గరే ఆగింది. 0 అంటే సంబంధమే లేదని, 1 అంటే అచ్చుగుద్దినట్టు చెప్పగలదని.

పాతరివ్యూయర్:
స్కోర్‌షీట్ గారూ, అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది, అది మీరు చెప్పలేదు. పద్ధతి లేకుండా చేసే ఇంటర్వ్యూకి వచ్చింది 0.19. పద్ధతి అంటే ఏమిటి? అందరినీ అవే ప్రశ్నలు అడగడం, ఏ జవాబుకి ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోవడం. ఈ తమ్ముడికి జరిగింది అదేనా? మ్యూట్‌లో కూర్చుని చూసి, మనసుకి తోచిన మార్కు వేస్తే దాన్ని కొలత అనలేం. పైగా ఆ 0.42 మామూలు ఉద్యోగ ఇంటర్వ్యూలది, కోడింగ్ పజిల్‌ది కాదు.

నేను పద్నాలుగేళ్లుగా కోడ్ రివ్యూలు చేస్తున్నాను. ఈ విషయంలో నన్ను బాగా కదిలించింది 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి చేసిన ప్రయోగం. 48 మంది విద్యార్థులకి వైట్‌బోర్డ్ మీద ప్రశ్న ఇచ్చారు. సగం మంది ఇంటర్వ్యూ చేసే మనిషి చూస్తుండగా రాశారు, మిగతా సగం గదిలో ఒంటరిగా రాశారు. ఎదురుగా మనిషి ఉన్నవాళ్ల పనితనం సగానికన్నా ఎక్కువ పడిపోయింది. అమ్మాయిల సంఖ్య తక్కువే గానీ, వాళ్లలో చూస్తుండగా రాసినవాళ్లు ఒక్కరూ గట్టెక్కలేదు, ఒంటరిగా రాసిన అమ్మాయిలందరూ గట్టెక్కారు. అంటే ఆ రౌండ్‌లో మనం చాలావరకు కొలుస్తున్నది టెన్షన్‌ని. దీవులు లెక్కపెట్టడం రాకపోవడాన్ని కాదు.

ఇంకొకటి. జావా అనే ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలో బైనరీ సెర్చ్ (వరుసలో పెట్టిన జాబితాని ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే పద్ధతి) రాసిన జాషువా బ్లాక్, అందులో తొమ్మిదేళ్లుగా ఒక బగ్ దాక్కుని ఉందని 2006లో తనే రాశారు. మధ్య స్థానం కోసం మొదటి, చివరి స్థానాల సంఖ్యల్ని కూడితే, అర్రే (జాబితా) మరీ పెద్దదైనప్పుడు ఆ మొత్తం ఇంటీజర్‌లో పట్టే హద్దు దాటిపోతుంది. ఆరితేరినవాళ్ల కోడ్‌లోనే ఒక లైన్ అన్నేళ్లు తప్పుగా నిలిచింది. అలాంటిది రన్ బటన్ కూడా ఇవ్వకుండా ఒక లైన్ మర్చిపోయాడని కొత్త ఇంజనీర్‌ని పంపేస్తామా?

సైడ్‌డోర్:
దయచేసి కోడింగ్ రౌండ్ తీసేయమని మాత్రం అనకండి. నాది కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కాదు. తెలిసినవాళ్లు లేరు, రెఫరల్ లేదు. ఇంటర్న్‌షిప్ కోసం రెజ్యూమె పంపితే జవాబే వచ్చేది కాదు. ఆన్‌లైన్ టెస్ట్ ఒక్కటే నన్ను లోపలికి రానిచ్చింది. మెంటర్ మాటే చాలు అనే పద్ధతి వస్తే, ముందు మెంటర్ దాకా వెళ్లేదెవరో కూడా ఆలోచించండి.

కొత్తకమిట్:
అక్కా, మీ మాట నిజం. నేనూ రెఫరల్ లేకుండానే వెళ్లాను. ఇంటర్న్‌గా తీసుకునేటప్పుడు రెండు కోడింగ్ రౌండ్లు పెట్టారు, రెండూ పాసయ్యాను. అందుకే నా ప్రశ్న అసలు తీసేయాలా అని కాదు. ఆ తలుపు ఒకసారి దాటి వచ్చాక మళ్లీ అదే తలుపు దగ్గర ఎందుకు నిలబెట్టారు అని.

స్కోర్‌షీట్:
రెండు రౌండ్లు ముందే అయ్యాయని నాకు తెలియదు. అది తెలిశాక నా వాదనలో బలం కొంత తగ్గిందని ఒప్పుకుంటాను. కానీ ఒకటి చెప్పండి. ఇంటర్న్ కోడ్‌లో మెంటర్ చెయ్యి ఎంత, ఇంటర్న్ చెయ్యి ఎంత అని ఎలా తెలుస్తుంది? బాగా సాయం దొరికినవాళ్ల పీఆర్‌లు (రివ్యూకి పంపే కోడ్ మార్పులు) బాగానే కనిపిస్తాయి.

పాతరివ్యూయర్:
పీఆర్ చివరి రూపం చూస్తే తెలియదు, చరిత్ర చూస్తే తెలుస్తుంది. మొదటి వారం రివ్యూ కామెంట్లు, చివరి వారం కామెంట్లు తెరిచి పక్కపక్కన పెట్టండి. పేర్లు ఇలా పెట్టు, ఈ ఎర్రర్ మింగేయకు అని మొదట చెప్పిన మాటలు చివరిదాకా చెప్పాల్సి వచ్చిందా? రెండోసారికే ఆగిపోయాయా? నాకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకా అనుమానం ఉంటే, ఆ మెంటర్‌తో సంబంధం లేని ఇద్దరు ఇంజనీర్లు కూర్చుని ఇంటర్న్ రాసిన కోడే తెరవండి. "ఇదే పని రెండు టైమ్ జోన్లకి చేయాలంటే ఎక్కడ విరుగుతుంది?" అని అడగండి. తన చేత్తో రాసినవాడికి వేలు నేరుగా ఆ ఫైల్ మీదకి పోతుంది, రాయించుకున్నవాడు వెతుక్కుంటాడు. అడిగే ప్రశ్నల రకాలు, మార్కుల పట్టిక ముందే రాసిపెట్టుకోండి. మీరడిగిన ఒకే కొలత అప్పుడు కూడా ఉంటుంది.

మూడోవారం:
నేను ఏటా ఇద్దరు ఇంటర్న్‌లకి మెంటర్‌గా ఉంటాను. ఇక్కడ ఇంకా ఎవరూ అనని మాట ఒకటుంది. 2021 జూన్‌లో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే వీడియో స్ట్రీమింగ్ సర్వీస్ చందాదారులు కొందరికి పొరపాటున ఖాళీ టెస్ట్ మెయిల్ వెళ్లింది. అవును, అది పంపింది ఇంటర్నే, మేము తోడుగా ఉన్నాం అని కంపెనీ చెప్పింది. ఎందరో సీనియర్లు ఆ ఇంటర్న్‌కి ధైర్యం చెబుతూ తమ పాత తప్పులు బయటపెట్టారు. తప్పు అందరూ చేస్తారు. తప్పు జరిగిన ఐదో నిమిషంలో "నావల్ల విరిగింది" అని టీమ్ చాట్ ఛానెల్‌లో రాస్తారా, సాయంత్రం దాకా దాస్తారా అన్నదే నేను మూడో వారానికల్లా చూస్తాను. దాన్ని చూపించే కోడింగ్ రౌండ్ ఇంతవరకు నాకు కనబడలేదు.

కొత్తకమిట్ గారూ, మీరు ఇప్పుడు చేయగలిగిందీ చెబుతాను. రిక్రూటర్‌కి రాసి ఏ అంశంలో తగ్గిందో అడగండి. చెప్పకపోయినా, మళ్లీ ఎప్పుడు అప్లై చేయవచ్చో చెబుతారు. మెంటర్‌ని రెఫరెన్స్ ఇమ్మని ఈ వారమే అడగండి, ఆలస్యమైతే వివరాలు మరుగున పడతాయి. ఆ అర్ధరాత్రి టెస్ట్ గురించి, కంపెనీ కోడ్ బయటపెట్టకుండా, ఒక పేజీ రాసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో "కష్టమైన బగ్ చెప్పండి" అంటే అదే చెప్పాలి.

కొత్తకమిట్:
మెంటర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. కోడింగ్ రౌండ్ గురించి ఎవరేమన్నా, పజిల్స్ ప్రాక్టీస్ మాత్రం ఆపను. ఈసారి ఒంటరిగా కాకుండా ఫ్రెండ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గట్టిగా పైకి చెబుతూ రాస్తాను.

స్కోర్‌షీట్:
వచ్చే బ్యాచ్‌కి కోడింగ్ రౌండ్ తీసేయమని నేను చెప్పను, ఇంకా నాకు ఆ కొలత కావాలనే ఉంది. పాతరివ్యూయర్ గారు చెప్పినట్టు ఇంటర్న్ సొంత కోడ్ మీద ఒక గంట కూడా పెడదామని మా టీమ్‌లో అడుగుతాను. మా ఎడిటర్‌లోనూ రన్ బటన్ ఆఫ్‌లో ఉంది. అది సోమవారమే ఆన్ చేయిస్తాను.