కౌమారిన్ థయాజోల్: ఈ.కోలై మీద వలయం రావడం లేదు, ఏం చేయాలి?

గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు చేస్తున్నాను. శాలిసిలాల్డిహైడ్, ఇథైల్ ఎసిటోఎసిటేట్‌లకు కాస్త పిపరిడిన్ చేర్చితే 3-ఎసిటైల్ కౌమారిన్ లేత పసుపు స్ఫటికాలుగా చక్కగా వచ్చింది. దాన్ని బ్రోమినేషన్ చేసి, థయోయూరియాతో అమైనోథయాజోల్‌గా మార్చాను. బ్రోమిన్ ఘాటు తప్ప ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఇది బ్యాక్టీరియాను ఆపుతుందా అని చూసే అగార్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) దగ్గరే చిక్కంతా. స్టెఫైలోకాకస్ ఆరియస్ మీద వలయం (బ్యాక్టీరియా పెరగని ఖాళీ చోటు) స్పష్టంగా ఉంది, ఈ.కోలై మీద అసలు లేదు. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకు బయటి పొర రక్షణ అని తెలుసు. కౌమారిన్ తరహా యాంటీబయాటిక్ నోవోబయోసిన్‌కూ అదే అడ్డంకి. కానీ ద్రావణం పోసిన గుంట అంచున పసుపు పొడి పేరుకుంటోంది. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగినది తడి అగార్ తగలగానే విడిపోతున్నట్టుంది. అలాంటప్పుడు 'పనిచేయదు' అని రాసేయడానికి మనసొప్పడం లేదు.

బ్రాత్ డైల్యూషన్‌తో (ద్రవ మాధ్యమంలో పలుచన చేస్తూ) ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపే కనీస గాఢత, చూడటం మేలా? డీఎంఎస్ఓ ఎంత శాతం దాటకూడదు? ద్రావణం మసకబారితే బతికున్న బ్యాక్టీరియా ఉంటే రంగు మారే రెసాజురిన్‌ను నమ్మవచ్చా? విజయవాడలోనైనా సరే, విద్యార్థులకు ఈ పరీక్ష చేసిపెట్టే ల్యాబ్ ఉంటే చెప్పగలరు.