అప్‌డేట్: కాలిపర్ పిన్‌లకు చివరికి ఏ గ్రీజు వేశానంటే

పోయిన నెల అడిగాను కదా, కారు ముందు ఎడమ చక్రం వేడెక్కుతోంది, లోపలి బ్రేక్ ప్యాడ్ బయటిదానికన్నా బాగా అరిగింది, కాలిపర్ (ప్యాడ్‌లను చక్రంతో తిరిగే డిస్క్‌కి నొక్కే భాగం) జారే పిన్‌లకు మామూలు బేరింగ్ గ్రీజు వేయొచ్చా అని. వద్దన్న వాళ్లందరికీ చాలా థాంక్స్.

నిన్న అమలాపురంలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించాను. పై పిన్ చేత్తో లాగితే వచ్చేసింది. కింది పిన్‌ను మాత్రం ప్లయర్‌తో తిప్పుతూ లాగాల్సి వచ్చింది. దాని కొసనున్న రబ్బరు బుష్ నానబెట్టిన శనగగింజలా ఉబ్బిపోయి ఉంది. పాత సర్వీసులో ఎవరో మామూలు గ్రీజే పూసినట్టున్నారు. బ్రేకుల్లో వాడేది ఎక్కువగా ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు, దానికి పెట్రోలియం గ్రీజు పడదు.

కొత్త బుష్, కొత్త డస్ట్ బూట్లు (పిన్‌లకు దుమ్ము పట్టకుండా కప్పే రబ్బరు తొడుగులు) వేశాం. రంధ్రాలు బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, పిన్‌లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాశాం. మొదట నేను ఎక్కువ పెట్టేశాను, లోపల గాలి చిక్కుకుని పిన్ వెనక్కి తన్నింది. తుడిచి మళ్లీ రాశాక వేలితో నొక్కితే మెత్తగా జారింది. ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో! ప్యాడ్ చెవులు (రెండు కొసలు) ఆనే చోట వేడికి తట్టుకునే సిరామిక్ పేస్ట్ కొంచెం రాశాం. డిస్క్‌కి అంటకుండా చూసుకోండి, అది చాలా ముఖ్యం.

సాయంత్రం అంతర్వేది దాకా వెళ్లొచ్చాను. రెండు చక్రాలూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి, కాలిన వాసన లేదు. మా కోనసీమ ఉప్పు గాలికి కుడివైపుదీ ఎలా ఉందో, ఆదివారం విప్పిస్తాను.