చలిలో ఇడ్లీపిండి పులియడానికి కుక్కర్, అంబలికి అట్లపెనం

ప్రశ్న (కోరాపుట్):
మా కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్నందున, పుష్యమాసపు చలిలో రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీపిండి తెల్లవారినా పొంగడం లేదు. కొత్త పరికరమేదీ కొనకుండా, వంటింట్లో ఉన్నవాటితోనే ఉపాయముంటే పెద్దలు దయచేసి తెలుపగలరు.

జవాబు (రాయగడ):
అమ్మా, మీ ప్రెషర్ కుక్కరే చాలు. అడుగున రెండు గ్లాసుల గోరువెచ్చని నీరు పోసి, చిల్లుల పళ్లెం వేసి, దానిపై పిండిగిన్నెను ఉంచి మూత పెట్టి, కుక్కర్‌కు దుప్పటి చుట్టి పొయ్యికి దూరంగా పెట్టండి. పిండి పులియడానికి 27 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం అనుకూలం. నీరు వేలికి చురుక్కుమంటే అది మరీ వేడి అన్నమాటే. పులిసేటప్పుడు వాయువు వెలువడుతుంది కనుక వెయిట్ పెట్టవద్దు. గిన్నెలో సగానికి మించి పిండి పోయకండి, లేకపోతే పొంగి నీళ్లలో పడుతుంది.

జవాబు (పర్లాకిమిడి):
పై సలహా నిజంగా మేలైనది. మినప్పప్పుతోపాటు అరచెంచా మెంతులు నానబెట్టి రుబ్బితే, పిండి జిగురుగా వచ్చి, ఆ వాయువును బాగా పట్టి ఉంచుతుంది. మరొక మాట: చోడి (రాగి) అంబలి కాచేటప్పుడు గిన్నె కింద పాత ఇనుప అట్లపెనం ఉంచితే, మంట నేరుగా తగలదు కాబట్టి అంత త్వరగా అడుగంటదు.

ప్రశ్న (కోరాపుట్):
ధన్యవాదాలండీ. కుక్కర్ లోపల అల్యూమినియం గిన్నె వాడవచ్చునా?

జవాబు (రాయగడ):
వద్దమ్మా, పులుపు అల్యూమినియానికి పడదు. స్టీలు గిన్నె పెట్టండి.