15,340 కి.మీ.కి 17 గంటలే కదా, 18:45 ఎందుకు చూపిస్తున్నారు?

వేగుచుక్క:
సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కి నాన్‌స్టాప్ చూస్తున్నా. దూరం లెక్కగట్టే సైట్లు దాదాపు 15,340 కి.మీ. అంటున్నాయి, గంటకి 900 వేసుకున్నా 17 గంటల్లో తేలిపోవాలి. టైమింగేమో 18 గంటల 45 నిమిషాల దాకా ఉంది. మిగతా టైమంతా ఎక్కడ పోతోంది? ఇంకోటి, భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమటికి వెళ్తే త్వరగా చేరాలని ఓ ఫ్రెండ్ ఒకటే వాదన. నిజమేనా?

దారితప్పినమేఘం:
సైట్లు చెప్పేది గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే వచ్చే దూరం. ఈ రెండు ఊళ్ల మధ్య రేఖాంశాల తేడా దాదాపు 178 డిగ్రీలు, అంటే ఆ దారం చైనా, మంగోలియా, సైబీరియా మీదుగా పోయి ఇంచుమించు ఉత్తర ధ్రువాన్ని తాకి కెనడా వైపు దిగుతుంది. విమానం ఆ గీత పట్టుకుని పోదు కదా. గాలివాటం, ఏ దేశం గగనతలంలోకి వెళ్లొచ్చు, అత్యవసరమైతే ఎక్కడ దిగాలి, ఇవన్నీ చూసి రూట్ వేస్తారు. 2018 అక్టోబరులో ఈ సర్వీసు మొదలైనప్పుడు సింగపూర్ ఎయిర్‌లైన్సే చెప్పిన దూరం సుమారు 16,700 కి.మీ. దాన్ని 900తో భాగించి చూడండి. పైగా టికెట్‌లో వేసేది గేటు నుంచి గేటుకి పట్టే టైము, రన్‌వే దాకా పాక్కుంటూ పోయేది కూడా అందులోనే.

ఈదురుగాలి:
మీ ఫ్రెండ్ వాదన తప్పు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఎగురుతుంది. అసలు ఉత్తరార్ధగోళంలో జరిగేది ఎక్కువగా రివర్స్! పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది, తూర్పుకి పోయేవాళ్లకి అది వెనక నుంచి తోస్తుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి 5,540 కి.మీ., మామూలుగా ఆరున్నర, ఏడు గంటలు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల పుణ్యమా అని ఓ బోయింగ్ 747 విమానం అదే దూరం 4 గంటల 56 నిమిషాల్లో కొట్టేసింది. తిరుగు ప్రయాణానికి ఓ గంట ఎక్కువే పడుతుంది.

వేగుచుక్క:
థాంక్సండీ ఇద్దరికీ. అంతసేపు ఎకానమీలో కూర్చోగలమా అని ఇప్పుడు కొత్త టెన్షన్ 😅

దారితప్పినమేఘం:
ఆ టెన్షన్ అక్కర్లేదు, ఈ రూట్‌లో తిప్పే ఏ350-900 యూఎల్ఆర్‌లో (మరీ దూరాలకని చేసిన ఎయిర్‌బస్ విమానం) ఎకానమీయే లేదు. 161 సీట్లే, 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. టెన్షన్ టికెట్ రేటు చూశాక పడండి. తేదీలు మాత్రం జాగ్రత్త: ఎండాకాలంలో న్యూయార్క్ కంటే సింగపూర్ 12 గంటలు ముందుంటుంది, కాబట్టి వచ్చేటప్పుడు సోమవారం రాత్రి పదికి ఎక్కితే దిగేది బుధవారం తెల్లవారుజామున. హోటల్ మంగళవారానికి బుక్ చేసేయకండి.